మిడ్‌ఫోర్డ్ వంతెన పైనా, వంతెన కిందా



ఈసారి మిర్చి రేటు గురించి రాయట్లేదు, నల్లతామర గురించీ రాయట్లేదు. ఇంగ్లండులో పాతకాలం పొగబండ్లు తిరిగిన ఒక ఉమ్మడి రైలు లైను ఉంది. దాన్ని చిన్న నమూనాగా ఇంట్లో కట్టుకోవాలంటే ఏ ఊరిని ఎంచుకోవాలి అనేది ఈ పోస్టు సంగతి. "ఈయనకేమైంది?" అనుకోకండి. ఉమ్మడి బోరు, ఉమ్మడి గట్టు, ఉమ్మడి డొంక ఉన్నవాళ్ళకి ఇందులో ఏదో ఒకటి తగులుద్ది. పోస్టు పెద్దదే. మడికి నీళ్ళు మళ్ళించి గట్టు మీద కూర్చున్నప్పుడు తీరిగ్గా చదవండి.

మీలో చాలామందికి తెలుసు, మా అమ్మాయి, అల్లుడు బ్రిస్టల్లో ఉంటారు. పోయిన వేసవిలో కాయ కోల్డ్ స్టోరేజీలో పెట్టేసి, నేనూ మా ఇంటిదీ రెండు నెలలు వెళ్ళొచ్చాం. మనవడికి పదకొండేళ్ళు. తెలుగు అర్థమవుద్ది గానీ మాట్లాడమంటే రెండు ముక్కలు మాట్లాడి ఇంగ్లీషులోకి జారిపోతాడు. నాదేమో ఇంటర్ ఇంగ్లీషు, అదీ నలభై ఏళ్ళ కిందటిది. మొదటి పది రోజులూ వాడు "హాయ్ తాతయ్యా" అనడం, నేను "తిన్నావా నాన్నా" అనడం, అంతే. మనిషి ఎదురుగానే ఉన్నాడు, మాట మాత్రం లేదు. అన్ని వేల మైళ్ళు పోయింది ఇందుకేనా అనిపించేది నాకు.

ఆ తర్వాత ఒకరోజు వాడే నా చెయ్యి పట్టుకుని కారు షెడ్డులోకి తీసుకెళ్ళాడు. అల్లుడు కారు వీధిలో పెట్టుకుని ఆ షెడ్డు వాడికి వదిలేశాడు. అక్కడ చెక్క అర మీద మూడు రైలింజన్లు ఉన్నాయి. పెద్దవి రెండూ జానెడు కంటే కొంచెం పొడుగు. ఒకటి ఆకుపచ్చది, వాళ్ళ నాన్న పుట్టినరోజుకి కొన్నాడు. ఒకటి నల్లది, వీడే డబ్బులు దాచుకుని వాడిన సరుకు కొనుక్కున్నాడు. మూడోది చిన్నది, పక్కింటి పెద్దాయన ఇచ్చాడు. ఆయన జీవితమంతా ఇలాంటి నమూనా రైళ్ళు కట్టినవాడు, ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని ఆపేశాడట.

వాడి బాధేందంటే, ఆ మూడింటికీ కులం కలవదు. నవ్వకండి, వాడి మాటల్ని నేను మన భాషలోకి తెస్తున్నా. ఇంగ్లండులో 1923 నుంచి 1947 దాకా రైళ్ళన్నీ నాలుగు పెద్ద కంపెనీల చేతిలో ఉండేవి. ఎల్.ఎం.ఎస్., ఎల్.ఎన్.ఇ.ఆర్., గ్రేట్ వెస్టర్న్, సదరన్. 1948లో ప్రభుత్వం అన్నిటినీ కలిపేసింది, కానీ ఇంజన్లు పాతవే, అవి తిరిగే దారులూ చాలావరకు పాతవే. వీడి ఆకుపచ్చది సదరన్ వాళ్ళ వెస్ట్ కంట్రీ రకం. నల్లది ఎల్.ఎం.ఎస్. వాళ్ళ బ్లాక్ ఫైవ్ రకం, ఆ రకం 842 ఇంజన్లు కట్టారట. చిన్నది గ్రేట్ వెస్టర్న్ వాళ్ళది, కొమ్మ లైన్ల మీద ఒకటి రెండు పెట్టెలు లాక్కుపోయే రకం. ఈ మూడూ ఒకే చోట కనపడాలంటే మామూలు ఊళ్ళో కుదరదు.

అల్లుడు ఒకటే మాట అన్నాడు: "బొమ్మలేరా! ఏది ఎక్కడ తిప్పితే ఏంది, ఎవరు చూడొచ్చారు?"

వాడు చెప్పిన సమాధానం నాకు బాగా నచ్చింది. "నాకు తెలుసు కదా నాన్నా" అన్నాడు, తెలుగులోనే. బస్తా అడుగున తాలు కాయ కలిపితే కొనేవాడికి తెలియకపోవచ్చు, కలిపినవాడికి తెలుస్తుంది. పదకొండేళ్ళ పిల్లోడు ఆ మాట అనేసరికి, వీడికి చోటు వెతికిపెట్టే పని నాది అనుకున్నా.

ముందు నేల కొలిచాం. ఏ పనికైనా అదే కదా మొదలు. షెడ్డు పొడవు 16 అడుగులు, వెడల్పు 8. వాడి రైళ్ళ కొలత, అసలు రైలులో ఒక అడుగు అయితే నమూనాలో 4 మిల్లీమీటర్లు. నేను కాగితం మీద లెక్కేశా. అసలు మైలు ఈ కొలతలో 69 అడుగుల పైన వస్తుంది. అంటే 16 అడుగుల గోడ పొడుగునా బల్ల వేసినా, అది అసలు నేల మీద పావు మైలు కూడా కాదు. మన చెరువు కట్టంత కూడా లేదు. అందులో స్టేషను, వంతెన, మలుపు అన్నీ ఇమడాలి. పెద్ద స్టేషను ఎంచుకుంటే ప్లాట్‌ఫారమే గోడంతా తినేస్తుంది. పైగా పలకలు కోసి, పట్టాలు అంటించి, కింద వైర్లు లాగాక "ఈ ఊరు వద్దు, ఇంకో ఊరు" అంటే కుదరదు. చెక్కకీ పట్టాలకీ అల్లుడు ఇస్తానన్న డబ్బులు ఒక్కసారికే.

పక్కింటి పెద్దాయన మాకు ముందు ఒక తేడా నేర్పించాడు. లైను పంచుకోవడం రెండు రకాలు. ఒకటి, లైనే ఉమ్మడిది, ఇద్దరు ముగ్గురు కంపెనీలు కలిసి ఆస్తిగా పెట్టుకున్నది. రెండోది, లైను ఒకరిది, దాని మీద రెండో కంపెనీకి బండి నడుపుకునే హక్కు. మనకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఉమ్మడి బావి వేరు, పక్కవాడి చేలోంచి బండి బాట వేరు. బావిలో నీకు వాటా ఉంది, పూడిక తీయించేటప్పుడు ఖర్చూ ఉంది. బాటలో నీకు నడిచే హక్కే గానీ మట్టి మీద హక్కు లేదు. (మన బెజవాడ స్టేషన్లో కూడా ఒకప్పుడు నిజాం రైల్వే, మద్రాసు వాళ్ళ రైల్వే కలిసేవి. ఈ పంపకాలు మనకీ కొత్త కాదు.)

బాట రకానికి పెద్దాయన ఎక్సెటర్ ఊరు చూపించాడు. అక్కడ సెయింట్ డేవిడ్స్ అని గ్రేట్ వెస్టర్న్ వాళ్ళ స్టేషను. సదరన్ వాళ్ళ బండ్లు దాంట్లోంచే పోవాలి, పోయే ప్రతి బండీ అక్కడ ఆగాల్సిందే, అది స్థలం గలవాళ్ళ షరతు. తమాషా ఏందంటే, గ్రేట్ వెస్టర్న్ బండీ లండనే పోతుంది, సదరన్ బండీ లండనే పోతుంది, కానీ ఒకటి ఇటు మొహం పెట్టి, ఒకటి అటు మొహం పెట్టి. నాకైతే అది చదివాక అదే కట్టుకోమని చెప్పాలనిపించింది. కానీ స్టేషను చాలా పెద్దది, పైగా నల్ల ఇంజనుకి అక్కడ పనిలేదు. వదిలేశాం.

ఉమ్మడి ఆస్తి రకంలో చాలా ఉన్నాయి. చెషైర్ లైన్స్ అని ముగ్గురు వాటాదారులది, దానికి సొంత ఇంజన్లంటూ దాదాపు లేవు, వాటాదారులవే తిరిగేవి. నార్‌ఫోక్ వైపు మిడ్‌లాండ్ అండ్ గ్రేట్ నార్తర్న్ ఉమ్మడి లైను, 1893లో ఏర్పడింది, దాని ఇంజన్లు ఆవపువ్వు లాగా పసుపు రంగు. బొమ్మలో చూసి మనవడు మురిసిపోయాడు. కానీ వాడి దగ్గరున్న మూడింటిలో రెండు ఇంజన్లకి ఆ వైపు పని లేదు. అందమైన చోటు కదా అని పోతే మళ్ళీ కొత్త ఇంజన్లు కొనాలి. ఉన్న ఎడ్లకి తగ్గ అరక చూసుకోవాలి గానీ అరక బాగుందని ఎడ్లు మార్చలేం.

చివరికి తేలింది సోమర్‌సెట్ అండ్ డోర్సెట్ ఉమ్మడి లైను. బాత్ ఊరి నుంచి దక్షిణాన సముద్రం ఒడ్డున బోర్న్‌మత్ దాకా, మెండిప్ కొండల మీదుగా పోయేది. దీని కథ మనలాంటి వాళ్ళు వినాల్సిన కథ. చిన్న కంపెనీ. 1874లో అప్పులు చేసి బాత్ దాకా లైను పొడిగించింది. లైను పూర్తయ్యేసరికి చేతిలో రూపాయి లేదు. మనలో ఎంతమంది బోరు పడ్డాక మోటారుకి డబ్బుల్లేక కూర్చోలేదు? 1875లో వాళ్ళు ముందు గ్రేట్ వెస్టర్న్ దగ్గరికి పోయారు. ఆ కంపెనీ మర్యాద కోసం ఈ సంగతి లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ అనే కంపెనీ చెవిన వేసింది. వీళ్ళు విని ఊరుకోలేదు. నేరుగా మిడ్‌లాండ్ వాళ్ళ దగ్గరికి పోయి, ఇద్దరూ కలిసి ఎక్కువ పెట్టి, 999 ఏళ్ళకి కౌలు రాయించేసుకున్నారు. తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఏళ్ళు! మన దగ్గర కౌలు కాగితం పదకొండు నెలలకి రాయమంటేనే చెయ్యి రాదు.

నాకు అసలు నచ్చింది కౌలు కాదు, పని పంపకం. ఇంజన్లు, బండ్ల నడక మిడ్‌లాండ్ చూసుకోవాలి. పట్టాలు, వంతెనలు, సిగ్నళ్ళు సౌత్ వెస్టర్న్ చూసుకోవాలి. 1923 తర్వాత మిడ్‌లాండ్ పోయి ఎల్.ఎం.ఎస్. వచ్చింది, సౌత్ వెస్టర్న్ పోయి సదరన్ వచ్చింది, కానీ పంపకం మాత్రం అదే. మా నాన్న 1994లో బోరు వేసినప్పుడు మా అన్నకీ నాకూ ఇదే చెప్పాడు. మోటారు, స్టార్టరు పెద్దోడివి. పైపులైను, గేట్ వాల్వులు చిన్నోడివి. మోటారు కాలితే నేను మాట్లాడను, పైపు పగిలితే అన్న మాట్లాడడు. ముప్పై ఏళ్ళు ఒక్క మాట పట్టింపు రాలేదు. మా నాన్న బాత్ ఊరి పేరు కూడా విని ఉండడు.

ఈ పంపకం తెలిస్తే నమూనా కట్టేవాడికి సగం పని అయిపోయినట్టే. బండి లాగేది ఎల్.ఎం.ఎస్. నల్ల ఇంజనే గానీ, పక్కన కనపడే సిగ్నలు సదరన్ వాళ్ళది, స్తంభాలు పాత పట్టాలతోనే నిలబెట్టారు. ప్లాట్‌ఫారం వెనక కంచె సదరన్ వాళ్ళ ఎక్స్‌మత్ జంక్షన్ ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటుది. స్టేషను రంగులు సదరన్ పచ్చ, మీగడ తెలుపు. చాలామంది ఇంజను చూసి కంచె వేస్తారట, అక్కడే దొరికిపోతారట. పెద్దాయన ఈ మాట చెప్పేటప్పుడు ఆయన చేతుల వణుకు కూడా ఆగింది.

లైను దొరికింది సరే, ఆ లైనులో ఏ ఊరు? ముందు టెంపుల్‌కూమ్ చూశాం. పైన సదరన్ మెయిన్ లైను, దాని కింద నుంచి మన ఉమ్మడి లైను. పై స్టేషన్లో ఆగాలంటే బండిని వెనక్కి లాక్కుపోవాలి, ఆ తిప్పలు చూడ్డానికి భలే ఉంటాయి. కానీ అంత యార్డు మన బల్ల మీద పట్టదు, గ్రేట్ వెస్టర్న్ చిన్నదానికి చోటు లేదు. హైబ్రిడ్జ్ దగ్గర ఉమ్మడి లైను గ్రేట్ వెస్టర్న్ లైనుని నేల మీదే అడ్డంగా దాటేది. అది కొమ్మ లైను, బోర్న్‌మత్ ఎక్స్‌ప్రెస్సులు అటు పోవు. "మీరు మిడ్‌ఫోర్డ్ పోయి కళ్ళతో చూసి రండి" అన్నాడు పెద్దాయన.

ఒక శనివారం రైలెక్కి బాత్ వెళ్ళాం, వాడూ నేనే. పాత గ్రీన్ పార్క్ స్టేషను ఇప్పటికీ ఉంది. రైళ్ళు లేవు. ఆ పెద్ద ఇనుప కప్పు కింద శనివారం రైతుల సంత జరుగుద్ది. రైతులే తెచ్చి రైతులే అమ్ముకుంటున్నారు: జున్నుగడ్డలు, గుడ్లు, మాంసం, మట్టి అంటిన క్యారెట్లు. 1997లో మొదలైందట, ఆ దేశంలో ఈ కాలపు రైతు సంతల్లో మొదటిది ఇదేనంటారు. మన రైతు బజార్లు 1999లో వచ్చాయి కదా, దాదాపు ఒకే ఈడు. నేను ప్రతి బల్ల దగ్గరా ఆగి రేటు చూసి రూపాయల్లోకి లెక్కేస్తుంటే మనవడు "తాతయ్యా, ట్రైన్స్, ట్రైన్స్" అని లాగుతున్నాడు. వీడు పైన ఇనుప దూలాలు చూస్తాడు, నేను కింద క్యారెట్లు చూస్తా.

అక్కడి నుంచి పాత లైను దారినే నడక. పట్టాలు పీకేసి సైకిళ్ళ బాట చేశారు, 2013లో తెరిచారు. రెండు సొరంగాలు. రెండోది, కూమ్ డౌన్ సొరంగం, 1829 గజాలు. మైలుకి పైనే. గాలి పైకి పోవడానికి మధ్యలో ఒక్క గొట్టం కూడా లేదు. ఒకే పట్టా పట్టే ఇరుకు. బాత్ నుంచి ఎక్కేటప్పుడు 50 అడుగులకి ఒక అడుగు ఎత్తు. ఇంజను గుక్కపెట్టి పొగ వదులుతుంటే లోపల మనుషుల గతేంది? 1929 నవంబరులో ఒక గూడ్సు బండి మనుషులకి ఆ పొగలో స్పృహ తప్పింది. సొరంగం దాటాక బండి పల్లానికి పరుగెత్తి బాత్ యార్డులో పడింది. డ్రైవరుతో కలిపి ముగ్గురు పోయారు. ఇప్పుడు లోపల దీపాలు, చల్లటి గాలి, పిల్లలు సైకిళ్ళ గంటలు కొట్టుకుంటూ పోతున్నారు. వాడికి ఈ సంగతి చెప్తే కాసేపు నా చెయ్యి వదల్లేదు.

సొరంగం దాటి నడిస్తే మిడ్‌ఫోర్డ్.

అక్కడికి పోగానే నాకే తెలిసిపోయింది, మనకి కావాల్సింది ఇదేనని. కొండ పక్కన చెక్కిన సన్నటి చోటులో ఒకే ఒక్క ప్లాట్‌ఫారం ఉండేది. బాత్ వైపు నుంచి వచ్చే బండి లాంగ్ ఆర్చ్ అనే లోతు వంతెన కింద నుంచి బయటికొస్తుంది, ప్లాట్‌ఫారం పక్కగా పోతుంది, వెంటనే ఎనిమిది కమానుల రాతి వంతెన మీదికెక్కుతుంది. అంటే నమూనాలో ఒక కొస బండి వంతెన కింద మాయమవుద్ది, ఇంకో కొస కొండ మలుపులో మాయమవుద్ది. వెనక దాచిన పట్టాల మీద బండ్లు వరసగా పెట్టుకుని ఒక్కొక్కటీ వదలొచ్చు. స్టేషను చిన్నదే గానీ బండ్లు చిన్నవి కావు. మాంచెస్టర్ నుంచి బోర్న్‌మత్ పోయే పైన్స్ ఎక్స్‌ప్రెస్ కూడా ఈ ఒంటి ప్లాట్‌ఫారం పక్కనుంచే పోవాలి, వేసవి శనివారాలు సముద్రం చూడ్డానికి పోయే జనం బండ్లు వరసగా పోవాలి. చిన్న చోట పెద్ద రద్దీ. తక్కువ పట్టాలు, తక్కువ ఖర్చు.

ఇంకోటి కూడా ఉంది. బాత్ నుంచి మిడ్‌ఫోర్డ్ దాకా ఒంటి లైను. అక్కడి నుంచి జంట లైను. బాత్ వైపు పోయే బండి, ఎదురు బండి వచ్చేదాకా మిడ్‌ఫోర్డ్‌లో ఆగాల్సిందే. డ్రైవరు చేతిలో టాబ్లెట్ అనే బిళ్ళ ఉంటేనే ఒంటి లైనులోకి అడుగు. మన కాలవ మీద వారబందీ చీటీ లాంటిదే, నీ వంతు చీటీ లేకుండా తూము ఎత్తకూడదు. ఆటలో బండ్లు ఊరికే గిరగిరా తిరగడం కాకుండా ఆగడానికి, కదలడానికి ఒక కారణం ఉంటుందన్నమాట.

మరి గ్రేట్ వెస్టర్న్ చిన్న ఇంజను? అదే అసలు విశేషం. ఆ రాతి వంతెన కింద నుంచి ఇంకో లైను పోయేది, కామర్టన్ బొగ్గు గనుల కొమ్మ లైను. అది గ్రేట్ వెస్టర్న్ వాళ్ళది. పైన ఉమ్మడి లైను, కింద గ్రేట్ వెస్టర్న్. మూడు కంపెనీలూ ఒక్క చూపులో. మనవడు వంతెన మీద గెంతడం మొదలుపెట్టాడు.

ఆ సంతోషం ఇంటికి వచ్చేదాకే. పుస్తకాలు తిరగేసి రాత్రి భోజనాల దగ్గర మొహం వేలాడేసుకుని వచ్చాడు. సంవత్సరం కుదరట్లేదు. కింద కామర్టన్ లైను మూసేసింది 1951 ఫిబ్రవరిలో. పైన వాడి ఆకుపచ్చ వెస్ట్ కంట్రీ ఇంజన్లని ఆ లైను మీద నడిపి చూసింది 1951 మార్చిలో. కింద బండి ఆగిపోయిన నెలకి పైన బండి వచ్చింది. నల్ల ఇంజనుకి బాధలేదు, ఆ రకం 1938 నుంచే అక్కడ తిరుగుతోంది. కానీ ఆకుపచ్చది, చిన్నది ఒకదాని కింద ఒకటి పోయిన రోజు ఒక్కటి కూడా లేదు.

అల్లుడు "నెల రోజుల తేడాకి ఏందిరా ఈ గోల" అన్నాడు. మా ఇంటిది కూడా అదే అంది. నేను మాత్రం ఏమీ అనలేదు. నెల తేడాతో విత్తు వేస్తే ఏమవుద్దో నాకు తెలుసు. వాడు అన్నం సగం తిని లేచిపోయాడు. చిన్న ఇంజను పెద్దాయన ఇచ్చింది, దాన్ని అరలో పెట్టేస్తే ఆయన ఏమనుకుంటాడో అని ఒక బెంగ కూడా ఉంది వాడికి. మేం తిరిగి రావడానికి అప్పటికి ఇంక తొమ్మిది రోజులే.

తెల్లారి పెద్దాయన దగ్గరికి పోయి చెప్పుకున్నాం. ఆయన నవ్వి, లోపలికి పోయి ఒక సినిమా డిస్కు తెచ్చాడు. పేరు 'ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్'. 1953లో వచ్చింది. ఊరి కొమ్మ లైను మూసేస్తామంటే ఊరివాళ్ళే దాన్ని నడుపుకుంటామని నిలబడే కథ, నవ్వించే సినిమా. ముగ్గురం కూర్చుని పెట్టుకున్నాం. మొదట్లోనే రాతి వంతెన! పైన వెస్ట్ కంట్రీ ఇంజను బండి లాక్కుపోతోంది, కింద గ్రేట్ వెస్టర్న్ బండి పోతోంది. అది మిడ్‌ఫోర్డే. సినిమా తీసింది 1952 వేసవిలో. మూసేసిన కామర్టన్ లైను పట్టాలు ఇంకా పీకలేదు గనుక సినిమావాళ్ళు దాన్ని వాడుకున్నారు, గ్రేట్ వెస్టర్న్ 1401 అనే చిన్న ఇంజను తెచ్చి నడిపించారు. వీడి దగ్గరున్నదీ అదే రకం.

వాడు లేచి నిలబడి అరిచాడు: "తాతయ్యా, సమ్మర్ నైన్టీన్ ఫిఫ్టీటూ!" అంతే. చోటు మిడ్‌ఫోర్డ్, కాలం 1952 వేసవి. అబద్ధం లేదు. పైన ఉమ్మడి లైను బండ్లు, కింద సినిమా బండి.

ఆ తర్వాత తొమ్మిది రోజులూ మాకు మాటలకి కరువు లేదు. వాడి తెలుగులో ఇంజన్ల మాటలు చేరాయి, నా ఇంగ్లీషులోనూ అవే చేరాయి. ఆకుపచ్చ ఇంజను పైన రేకు తొడుగు ఉండే రకం, అక్కడివాళ్ళు దాన్ని మాంసం డబ్బా అని వేళాకోళం చేస్తారట. 1957 నుంచి కొన్నిటికి ఆ రేకు పీకేశారు. వీడిది రేకు ఉన్నదే, కాబట్టి 1952కి సరిపోయింది. నల్లదాని మీద మాత్రం పాత ఎల్.ఎం.ఎస్. అక్షరాలు, పాత నంబరు ఉన్నాయి. 1948 తర్వాత ఎల్.ఎం.ఎస్. నంబర్లకి 40000 కలిపారు, సదరన్ వాటికి 30000 కలిపారు. గ్రేట్ వెస్టర్న్ వాటివి మాత్రం ఇత్తడి పోత పలకలు గనుక అలాగే ఉంచేశారు. అంటే నల్లదాని నంబరు చెరిపి కొత్తది వేయాలి. దాచుకున్న డబ్బులతో కొన్న ఇంజను మీద గీకడానికి వాడికి చెయ్యి రాలేదు. మూడు రోజులు దాని చుట్టూ తిరిగి, నాలుగో రోజు పెద్దాయన పక్కన కూర్చుంటే తనే చేశాడు.

ఇక ఆ ఉమ్మడి లైను ఏమైందో చెప్పకుండా వదిలేస్తే కథ సగమే. ప్రభుత్వం చేతికి వచ్చాక కూడా కొన్నాళ్ళు బాగానే నడిచింది. 1958లో హద్దులు మార్చి ఉత్తరం సగాన్ని వెస్టర్న్ రీజియన్‌కి అప్పజెప్పారు. అంటే ఎవరు? 1875లో కౌలు చేజార్చుకున్న గ్రేట్ వెస్టర్న్ వారసులే. 1962 సెప్టెంబరులో పైన్స్ ఎక్స్‌ప్రెస్‌ని ఆ లైను మీద నుంచి తీసేసి ఆక్స్‌ఫర్డ్ మీదుగా తిప్పారు. దూరపు బండ్లు పోయాక లైనుకి రాబడి ఎక్కడిది? 1966 మార్చిలో మొత్తం మూసేశారు. పాత పగ తీర్చుకున్నారని అక్కడి రైలు అభిమానులు ఇప్పటికీ అంటారు. కార్లు, లారీలు పెరిగిన కాలం అది, ఎవరి చేతిలో ఉన్నా కష్టమే అని ఇంకొందరంటారు. నాకు మాత్రం ఒకటి అనిపిస్తుంది. పక్క లైను ఎవడికి సొంతమో, వాడి చేతికే ఉమ్మడి లైను ఇస్తే వాడు దేన్ని బతికిస్తాడు?

ఇది ఊరికే అనట్లేదు. మా అన్న పోయి రెండేళ్ళయింది. ఆయన కొడుకు హైదరాబాదులో ఉంటాడు, తన వాటా ఎకరంన్నర అమ్మకానికి పెట్టాడు. తప్పు పట్టను, వాడి అవసరం వాడిది. కొనడానికి వచ్చిన పార్టీకి మా చేను దాటాక సొంత బోరు ఉంది. రేపు మోటారు వాటా వాళ్ళ చేతికి పోతే, అది కాలినప్పుడు బాగు చేయించాల్సిన అవసరం వాళ్ళకేంటి? నా పైపులు నా దగ్గర ఉంటాయి, నీళ్ళుండవు. అందుకే అబ్బాయిని పిలిపించా. వచ్చే అమావాస్య దాటాక కూర్చుంటున్నాం. అమ్మకం కాగితంలో బోరు సంగతి విడిగా రాయాలి: మోటారు బాధ్యత ఎవరిది, ఎన్ని రోజులకి ఎవరి వంతు, కొన్నవాళ్ళు వద్దనుకుంటే ఆ వాటా ముందు నాకే ఇవ్వాలని. మీలో ఎవరైనా ఇలా రాయించుకుని ఉంటే, ఏ మాటలు పెట్టారో కింద రాయండి, నాకు పనికొస్తుంది.

మిడ్‌ఫోర్డ్ పని అక్కడ నడుస్తోంది. ఎనిమిది కమానుల్లో అయిదు అయ్యాయట, అట్టతో. కంచె సదరన్ కాంక్రీటుదే వేశాడు. మొన్న ఆదివారం వీడియో కాల్ చేసి, వంతెన కింద వాగు పక్కన చేలు ఖాళీగా ఉన్నాయి, ఏం వేయాలి తాతయ్యా అని అడిగాడు. అక్కడ ఆ నేల ఆవులు మేసే పచ్చిక. 1952 వేసవి కదా, జూన్, జూలై అంటే వాళ్ళకి గడ్డి కోతల రోజులు. కోసి, తిరగేసి, ఎండాక కుప్ప వేస్తారు. సగం చేను కోసినట్టు లేత పసుపు, సగం ఇంకా కోయనట్టు పచ్చగా పెట్టు, కోసిన చోట వరసలు గట్టు వెంట పోవాలి గానీ అడ్డదిడ్డంగా కాదు అని చెప్పా. కుప్ప ఎలా ఉంటుందో తెలియదన్నాడు. ఫోను పట్టుకుని మన వామి దగ్గరికి పోయి చుట్టూ తిప్పి చూపించా. వాళ్ళ కుప్ప మన వామిలాగే ఉండదు గానీ, వాన నీళ్ళు జారడానికి పైభాగం వాలు పెట్టడం ఎక్కడైనా ఒకటే. వాడు పేడుతో చిన్న నమూనా చేసి చూపించాడు, పైన బల్లపరుపుగా ఉంది. "అట్లా పెడితే కుళ్ళిపోద్దిరా" అన్నా. మళ్ళీ చేస్తున్నాడు.